నొప్పి – నడక: బాగున్న రోజే అసలు జాగ్రత్త

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఫైబ్రోమయాల్జియా గురించే, అంటే ఒళ్లంతా నెలల తరబడి నొప్పులు, నీరసం ఉండే జబ్బు. పలకడానికి నోరు తిరగని పేరు. మా క్లినిక్‌కి వచ్చే ఒక పెద్దావిడ దీన్ని "ఫైబరు మాయ" అంటారు. రిపోర్టుల్లో కనపడదు, ఒంట్లోంచి పోదు, మాయ కాక ఇంకేంటండీ అని ఆవిడ వాదన. నేను పాలకొల్లులో 28 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. మందుల సంగతి మీ డాక్టరుగారు చూస్తారు, కదలిక సంగతి నేను చెబుతాను. ఉత్తరాలు పొడుగ్గా ఉండటంతో కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ లేసు అల్లుతున్నాను. నాలుగేళ్లుగా మెడ, భుజాలు, నడుం, పిక్కలు, ఫలానా చోటని లేదు, ఒళ్లంతా పచ్చిపుండులా ఉంటోంది. రాత్రంతా పడుకున్నా పొద్దున్న లేచేసరికి ఎకరం నాట్లేసి వచ్చినదానిలా ఉంటాను. థైరాయిడ్, విటమిన్ డి, కీళ్లవాతం పరీక్షలన్నీ చేయించారు. ఏమీ లేదన్నారు. చివరికి ఒక డాక్టరుగారు ఫైబ్రోమయాల్జియా అని చెప్పి, రాత్రిపూట వేసుకోవడానికి ఒక మాత్ర రాసి, "ఎక్సర్‌సైజు చెయ్యమ్మా" అన్నారు. పక్కింటావిడతో కలిసి కాలువ గట్టు మీద ముప్పావుగంట నడిచాను. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. చేస్తే నొప్పి పెరిగే పని మళ్లీ ఎందుకు చెయ్యాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, నర్సాపురం దగ్గర పల్లె

జవాబు: అమ్మా, మీ డాక్టరుగారు మంచి మాటే చెప్పారు, కాకపోతే సగమే చెప్పారు. మాత్ర రాస్తే ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, ఎన్ని రోజులు అని చీటీ మీద ఉంటుంది. వ్యాయామం దగ్గరకొచ్చేసరికి "చెయ్యమ్మా" అని వదిలేస్తారు. ముప్పావుగంట నడకతో మీరు ఒకే పూట పది మాత్రలు మింగేసినట్టయింది.

ఈ తప్పు నేనూ చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఆచంట వైపు నుంచి ఒక స్కూలు టీచరు వచ్చింది. అప్పట్లో ఈ జబ్బు గురించి నాకు తెలిసింది తక్కువ. కండరాలు బలహీనంగా ఉన్నాయి, బలం పెంచుదాం అనుకుని, బొమ్మలతో అచ్చువేయించిన కాగితం ఒకటి చేతిలో పెట్టాను. అందులో 20 ఎక్సర్‌సైజులు, ఒక్కోటీ పదేసి సార్లు. రెండో వారం ఆవిడ భర్త చెయ్యి పట్టుకుని వచ్చింది. ఏమీ అనలేదు, ఆ కాగితం మాత్రం నా బల్ల మీద పెట్టింది. వెనక పెన్సిల్‌తో రోజువారీ లెక్క రాసుకుంది. సోమవారం 20, మంగళవారం 20, బుధవారం 14, గురువారం 6. శుక్రవారం దగ్గర గీత గీసి వదిలేసింది. మూడోసారి ఇక రాలేదు. ఆ కాగితం నా డ్రాయర్‌లో ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఎవరికైనా లెక్క చెప్పేటప్పుడు ఆ పెన్సిల్ అంకెలే కళ్ల ముందు ఆడతాయి.

మరి ఎందుకు చెయ్యాలి అన్నారు కదా. కీళ్లు, కండరాల జబ్బులు చూసే యూరప్ డాక్టర్ల సంఘం యూలార్ ఈ జబ్బు మీద 2016లో తన సిఫారసులు సవరించింది. అందులో మందులకి "కొందరికి పనికొస్తుంది, వాడి చూడొచ్చు" అనే పాటి మద్దతే దక్కింది. గట్టిగా చెయ్యమని చెప్పింది వ్యాయామం ఒక్కదాన్నే. నొప్పి పూర్తిగా పోతుందని నేను చెప్పను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ముందు నిద్ర కాస్త కుదుటపడుతుంది. తర్వాత ఓపిక. నొప్పి తగ్గడం అన్నిటికన్నా వెనక వస్తుంది. దానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. మొదటి రెండు వారాలు ఒళ్లు కొంచెం పట్టేసినట్టు ఉండటం మామూలే.

ఇక మోతాదు చూద్దాం. ఒంట్లో ఏమీ బాగోని రోజున కూడా మీరు ఎంత దూరం నడవగలరో చూసుకోండి. పాలకేంద్రం దాకా వెళ్లి రావడమనుకుందాం, ఆరు నిమిషాలు. అందులో సగంతో మొదలుపెట్టండి. అంటే మూడు నిమిషాలు. నవ్వొస్తుందని తెలుసు. పక్కింటావిడ కూడా నవ్వుతుంది, నవ్వనివ్వండి. మా వాళ్లకి నేను నిమిషాలు చెప్పను, కాలువ గట్టు మీద కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకోమంటాను. రెండు స్తంభాలు వెళ్లి వెనక్కి తిరగాలి. రెండు వారాల పాటు అంతే. ఆ తర్వాత ఒక స్తంభం కలపండి. మళ్లీ వారమో పది రోజులో ఆగి ఇంకొకటి. వారానికి ఐదు రోజులు చాలు.

నడిచేటప్పుడు పక్కావిడతో కబుర్లు చెప్పగలగాలి. మాట మధ్యలో ఆయాసం వస్తే వేగం ఎక్కువైనట్టు. ఇక నొప్పి సంగతి. నడిచిన సాయంత్రం కొంచెం పెరిగి, మర్నాడు పొద్దుటికి మీ మామూలు నొప్పి దగ్గరికి వచ్చేస్తే ఆ మోతాదు మీకు సరిపోయినట్టే. మర్నాడూ, ఆ మర్నాడూ కూడా పెరిగే ఉంటే సగానికి తగ్గించండి. సగానికే, సున్నాకి కాదు. పూర్తిగా మానేస్తే నెల తర్వాత మళ్లీ మొదటి స్తంభం దగ్గరే నిలబడతారు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మాట. ఈ జబ్బు ఉన్నవాళ్లని పడగొట్టేది బాగోని రోజు కాదు, బాగున్న రోజు. ఒక పొద్దున్న లేచేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. ఇన్నాళ్లూ పడి ఉన్న పనంతా గుర్తొస్తుంది. దుప్పట్లు నానేస్తారు, అటక దులుపుతారు, నాలుగు స్తంభాల బదులు లాకుల దాకా నడిచేస్తారు. సంక్రాంతికి నేను ఏటా చూసే సంగతి ఇది. భోగి నాడు ఒళ్లు బాగుందని కూర్చుని రెండు కుంచాల పిండి అరిసెలు వండేస్తారు, కనుమకి మంచం ఎక్కుతారు, ముక్కనుమ దాటాక నాకు ఫోన్ చేస్తారు. కాబట్టి బాగున్న రోజున కూడా మీ లెక్క రెండు స్తంభాలైతే రెండే. మీ కాళ్లు ఇంకా వెళ్దాం అంటాయి. వినకండి. నా పేషెంట్లకి నేర్పడానికి నాకు అన్నిటికన్నా కష్టమయ్యేది ఎక్సర్‌సైజు కాదండి, వెనక్కి తిరగడం.

నడకతో పాటు ఇంట్లో మూడే మూడు. ఒకటి, గోడకి మూరెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకి ఆనించి, మోచేతులు మడిచి ముందుకి వాలి, మళ్లీ మెల్లగా వెనక్కి రావడం. రెండు, చేతుల్లేని కుర్చీ గోడకి ఆనించి వేసుకుని అందులోంచి లేవడం, కూర్చోవడం. కూర్చునేటప్పుడు దభీమని పడకుండా నాలుగు లెక్కపెట్టుకుంటూ దిగాలి. అందులోనే ఉంది బలం అంతా. ప్లాస్టిక్ కుర్చీ అయితే నున్నటి గచ్చు మీద జారుతుంది, కాళ్ల కింద గోనెపట్టా వేయండి. మూడు, కిటికీ ఊచ పట్టుకుని మడమలు ఎత్తి దించడం. ఒక్కోటీ నాలుగు సార్లు చాలు, అదీ రోజు విడిచి రోజు. పదికి చేరడానికి రెండు నెలలు పట్టనివ్వండి.

మీ లేసు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ మెడ నొప్పికి అది తోడవుతోంది. మా క్లినిక్‌కి నర్సాపురం, మొగల్తూరు వైపు నుంచి లేసు అల్లే ఆడవాళ్లు చాలామంది వస్తారు. నడిచి వచ్చే తీరులోనే తెలిసిపోతుంది, గడ్డం ఛాతీ వైపుకి వాలి, కుడి భుజం ఎత్తుగా ఉంటుంది. ఒకసారి ఒకావిడని నా ఎదురుగా కూర్చుని అల్లమన్నాను. గచ్చు మీద బాసిపట్టు వేసుకుని, పని ఒళ్లో పెట్టుకుని, దాని మీదకి వంగిపోయింది. సూది పట్టుకున్న చేతి బొటనవేలు గోరు దగ్గర తెల్లగా పాలిపోయేంత బిగించి పట్టింది. దారం లాగే ఎడమచేతి చూపుడువేలి మీద సన్నటి గాడి పడి ఉంది. ఇరవై నిమిషాలు నేను చూస్తూ కూర్చున్నాను, ఆవిడ తల ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తితే అల్లిక లెక్క తప్పుతుందిట.

లేసు మానెయ్యమని నేను చెప్పను. అది మీ సంపాదన, మీ పేరు కూడా. వీపుకి ఆనిక ఉన్న కుర్చీలోకి మారండి. ఒళ్లో రెండు తలగడలు పెట్టి, పని ఛాతీ దగ్గరికి వచ్చేలా చూసుకోండి. కళ్లు పని దగ్గరికి వంగకుండా పనే కళ్ల దగ్గరికి రావాలి. పాదాలు నేలకి ఆనకపోతే కింద పీట వేసుకోండి. ఒక పువ్వు పూర్తవగానే సూది పక్కన పెట్టి లేచి నిలబడాలి. భుజాలు వెనక్కి ఐదుసార్లు తిప్పి, గుప్పిళ్లు మూసి తెరిచి, గుమ్మం దాకా వెళ్లి రావాలి. పువ్వు పెద్దదైతే సగంలోనే లేవండి. దారం ఇచ్చే ఏజెంటు తొందరపెడతాడు, తెలుసు. ఒక వారం ఈ పద్ధతిలో అల్లి, ఎన్ని పూలు పూర్తయ్యాయో లెక్క చూడండి. మంచం మీద గడిచే రోజుల్ని కూడా లెక్కలో కలిపితే పెద్దగా తగ్గవని నా పేషెంట్లే చెబుతారు.

రాత్రి మాత్ర వల్ల పొద్దున్న మత్తుగా ఉంటే తెల్లవారుజామున గట్టు ఎక్కకండి. టిఫిన్ చేసి, ఒళ్లు విడిచాక నడవండి. వేసవిలో మన గాలిలో తేమకి ఎనిమిది దాటితే ఒళ్లు చెమటతో జిడ్డోడుతుంది, ఆ మూడు నెలలూ సాయంత్రానికి మార్చుకోండి.

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర. అరటిగెలల వ్యాపారం. మా ఆవిడకి 36 ఏళ్లు. రెండేళ్ల కిందట విషజ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ ఒళ్లు నొప్పులు, నీరసం, మతిమరుపు. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది. రిపోర్టులన్నీ బాగున్నాయి. డాక్టరు ఫైబ్రోమయాల్జియా అన్నారు. మా అమ్మ "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అంటోంది. ఇంటి పని చేస్తుంటే అదే వ్యాయామం కదా, వేరే నడక ఎందుకు? ఇంతకీ ఇది నిజంగా జబ్బేనా?
– ఒక భర్త, రావులపాలెం

జవాబు: నిజంగా జబ్బేనండి. మీకు కాలువల మీద బతుకు కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను. పైనుంచి నీళ్లు ఎక్కువ వస్తే లస్కరు ఏం చేస్తాడు? షట్టరు దించుతాడు. మన ఒంట్లో కూడా వెన్నుపాములో, మెదడులో అలాంటి షట్టర్లు ఉన్నాయి. రోజూ ఒంట్లో పుట్టే చిన్నాచితకా నొప్పుల్ని పైదాకా రానివ్వకుండా ఆపేది అవే. ఈ జబ్బులో ఆ షట్టర్లు సరిగ్గా దిగవు. పిల్ల కాలువలో వచ్చే నీళ్లకే ఊరు మునిగినట్టు ఉంటుంది. గట్టు ఎక్కడా తెగలేదు, అందుకే ఎక్స్‌రేలోనూ రక్తంలోనూ ఏమీ దొరకదు. కండరం చెడదు, కీలు వంకరపోదు. అయినా ఆవిడకి తెలిసే నొప్పి అచ్చంగా నొప్పే. మతిమరుపు కూడా ఈ జబ్బులో భాగమే, పాలు పొంగించడం నిర్లక్ష్యం కాదు.

జ్వరం తర్వాత మొదలవడం కూడా మాకు కొత్త కాదు. 2006లో చికున్‌గున్యా మన జిల్లాల్ని ఊపేసిన తర్వాత కొన్నేళ్ల పాటు మా క్లినిక్‌లో ప్రతి రెండో పేషెంటూ "గున్యా వచ్చిన కాడ్నుంచీ అండీ" అనే మొదలుపెట్టేవారు. వాళ్లందరిదీ ఫైబ్రోమయాల్జియా కాదు, చాలామందివి కీళ్ల నొప్పులే. కొందరిది మాత్రం ఇదే అయింది.

దీనికి రక్తపరీక్ష లేదు కాబట్టి డాక్టర్లు ఒకప్పుడు ఒళ్లంతా 18 చోట్ల వేలితో నొక్కి చూసేవారు. 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బు అనేవారు. అది 1990 నాటి అమెరికా లెక్క. 2010లో దాన్ని మార్చి, నొప్పి ఎన్ని చోట్ల ఉంది, నిద్ర ఎలా ఉంది, నీరసం, మతిమరుపు ఎంత అని అడిగి తేల్చే పద్ధతి పెట్టారు. కనీసం 3 నెలలుగా ఉండాలి. మీ అమ్మగారికి ఈ అంకెలు చెప్పినా వింటారని నేను అనుకోను. వాళ్ల కాలంలో నొప్పికి పేరు పెట్టే తీరిక ఎవరికీ లేదు. ఒకసారి ఆవిడని కూడా డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లి, ఆయన చేతే చెప్పించండి.

ఇంటి పని వ్యాయామం కాదా అన్నారు. కాదండి. వ్యాయామానికి ఒక లెక్క ఉంటుంది, ఆగే చోటు ఉంటుంది, వారం వారం కొంచెం పెరుగుతుంది. ఇంటి పనికి అదేమీ ఉండదు. నలుగురు చుట్టాలు దిగితే ఆ రోజు పని మూడింతలు, ఎవరూ లేకపోతే సగం. పైగా అంతా వంగుడే. ఊడవడానికి, తుడవడానికి, అంట్లకి, బట్టలకి అన్నిటికీ ముందుకే వంగాలి. ఆ షట్టర్లు మళ్లీ దిగడం నేర్చుకోవాలంటే రోజూ ఒకే పాళ్లలో, భయం లేకుండా కదలాలి. కాబట్టి ఆవిడకి రోజూ పది నిమిషాలు తన కోసమే ఉండాలి. మొదట ఐదే. పై జవాబులో చెప్పిన స్తంభాల లెక్క ఆవిడకీ పనికొస్తుంది.

మీరు చెయ్యగలిగింది ఏంటంటే, ఆ పది నిమిషాలు పొయ్యి దగ్గర మీరు నిలబడటం. పాలు పొంగకుండా చూడటం మీకూ అలవాటవుతుంది. బరువైన పనులు, గ్యాస్ బండ జరపడం, నీళ్ల టిన్నులు, బియ్యం బస్తా లాంటివి మీవి. ఊడవడం ఒక పూట, బట్టలు ఇంకో పూట అని విడగొట్టండి. పొడుగు కర్ర ఉన్న చీపురు కొనండి. "ఇవాళ ఎలా ఉంది?" అని గంటగంటకీ అడక్కండి. అడిగినకొద్దీ ధ్యాస నొప్పి మీదకే పోతుంది. "ఇవాళ నడిచావా?" అని ఒక్కసారి అడగండి చాలు.

ఇంకో మాట. నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నడుం మీద ఇంజెక్షన్ పొడిపించుకోవడం మన దగ్గర బాగా అలవాటు. ఈ జబ్బుకి స్టెరాయిడ్లు పనిచెయ్యవు. నొప్పి ఇంజెక్షన్ల వల్ల కూడా పెద్దగా ఒరిగేది లేదు, మాటిమాటికీ వేయించుకుంటే కడుపుకి, కిడ్నీలకి చేటు. వాటి జోలికి పోవద్దు. ఈ జబ్బు ఉందని కొత్తగా వచ్చేవన్నీ దాని ఖాతాలోనే వేసేయకండి. వేళ్ల కణుపులు వాచినా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా, తిండి మామూలుగానే తింటూ బరువు తగ్గిపోతున్నా, ఒక చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పుతున్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి.

ప్రశ్న: అమలాపురంలో ఉంటాను, రిటైర్డ్ లెక్కల మాస్టారిని, 64 ఏళ్లు. మగవాళ్లకి ఈ జబ్బు రాదని మా మిత్రులు ఎగతాళి చేస్తున్నారు, నాకు వచ్చింది. ఫోన్‌లో 10,000 అడుగులు అని లక్ష్యం పెట్టుకున్నాను, 3,000 దగ్గరే కూలబడుతున్నాను. పూర్వం రోజూ 12 సూర్యనమస్కారాలు చేసేవాడిని. మళ్లీ మొదలుపెట్టనా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మాస్టారూ, ఆడవాళ్లలో ఎక్కువ, అంతేగానీ మగవాళ్లకి రాదని ఏమీ లేదు. ఇక మీరు లెక్కల మనిషి కాబట్టి చెబుతున్నాను, ఆ 10,000 ఏ పరిశోధన లోంచీ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టి, దానికి "మాంపో కెయ్" అని పేరు పెట్టారు. పదివేల అడుగుల మీటరు అని అర్థం. ఆ సరుకు పేరే ఇప్పుడు ప్రపంచం నెత్తిన కూర్చుంది. మీరు 3,000 దగ్గర కూలబడుతున్నారంటే మీ మొదలు 1,500. ఫోన్‌లో లక్ష్యాన్ని అంతకి దించండి. అది చప్పట్లు కొట్టినా, టపాసులు పేల్చినా సరే, ఆగిపోండి. రెండు వారాలకి 100 చొప్పున కలపండి. ఎప్పటికి 5,000 అవుతుందో మీరే లెక్క వేసుకుంటారు, ఆ లెక్క చూసి నిరాశపడొద్దు. ఒళ్లు ఒప్పుకుంటే మధ్యలో వేగం పెంచుదాం.

సూర్యనమస్కారాల్లో నాకు అభ్యంతరం రెండే చోట్ల. ఒకటి గబుక్కున ముందుకి వంగి నేల తాకడం, రెండోది ఒళ్లంతా చేతుల మీద ఆపి కిందకి దిగడం. ఇవి రెండూ ఇప్పట్లో వద్దు. మొదటి రెండు భంగిమలు, నమస్కారం చేసి నిలబడటం, ఊపిరి పీలుస్తూ చేతులు పైకెత్తడం, ఇంతవరకు చేసి ఊపిరి వదులుతూ దించండి. నాలుగు సార్లు చాలు. నిదానంగా చేసే కదలికకి ఈ జబ్బులో బలం ఉంది. 2018లో బోస్టన్‌లో 226 మంది ఫైబ్రోమయాల్జియా పేషెంట్ల మీద జరిపిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. చైనావాళ్ల తాయిచీ చేసినవాళ్లకి, మామూలు ఏరోబిక్స్ చేసినవాళ్లకి వచ్చినంత మేలు, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ మేలు కనిపించింది. అమలాపురంలో తాయిచీ మాస్టారు దొరక్కపోయినా దిగులు లేదు. నీళ్లలో చెయ్యి తిప్పుతున్నంత నిదానంగా, ఊపిరితో కలిపి కదలడమే దాని కిటుకు. హవాయి చెప్పులతో మాత్రం నడవకండి, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. పంచె అయితే అడుగుకి అడ్డం పడనంత ఎత్తు కట్టుకోండి.

ప్రశ్న: వేడినీళ్లలో వ్యాయామం ఫైబ్రోమయాల్జియాకి మంచిదని చదివాను. కార్తీకమాసం నెల్లాళ్లూ తెల్లవారుజామున కాలువలో స్నానం చెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నిరుడు చేస్తే వారానికే ఒళ్లు బిగుసుకుపోయింది. నీళ్లు మంచివే అయితే ఇలా ఎందుకు అయింది?
– ఒక పాఠకురాలు, ముమ్మిడివరం

జవాబు: మంచివి వెచ్చటి నీళ్లు తల్లీ. ఈ వ్యాయామం చేయించే కొలనుల్లో నీళ్లు 32, 33 డిగ్రీల్లో ఉంటాయి. ఛాతీ దాకా దిగితే ఒంటి బరువు తేలిపోతుంది, కండరాలు వదులవుతాయి, అందుకని కదలడం సులువు. అలాంటి కొలను మీకు దగ్గర్లో దొరికితే వదులుకోకండి. కార్తీకంలో చీకటితో కాలువ నీళ్లు అలా ఉండవు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి చలి తగిలితే ఒళ్లు ముడుచుకుని నొప్పి పెరుగుతుంది. కాలువలో ఎక్సర్‌సైజు ఆలోచన కూడా వద్దు, ఈతగాళ్లకే ఆ ఒరవడి చెప్పి రాదు.

ఇంట్లోనే గోరువెచ్చటి నీళ్లు భుజాల మీద పది నిమిషాలు పోసుకోండి. ఆ వెచ్చదనం ఒంట్లో ఉండగానే భుజాలు తిప్పడం, మడమలు ఎత్తడం చేసేసుకోండి. రోజు మొత్తంలో ఒళ్లు మాట వినే సమయం అదే. పుణ్యం సంగతి నేను చెప్పగలిగింది కాదు, మీ పురోహితుల్ని అడగండి. పౌర్ణమి నాడు రేవుకి వెళ్లకుండా ఉండలేరని నాకు తెలుసు, నేనూ వెళ్తాను. వెళ్తే స్వెట్టరు వేసుకోండి. రేవు మెట్ల మీద పాచి ఉంటుంది, నీటి దగ్గర మెట్టు దాకా దిగకండి. అరటిదొప్పలో దీపం వెలిగించి మనవరాలి చేతికివ్వండి, అది వంగి వదులుతుంది.